‘వచ్చాను’ ఒక్క మాటే, ఇంగ్లీషులో అది విడిపోతుంది

ప్రశ్న: మాస్టారూ, నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్‌లో చేరి ఎనిమిది నెలలైంది. షిఫ్టు దిగేముందు ఆ రోజు జరిగిందంతా ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి. అంటే నా ఉద్యోగమంతా పాస్ట్ టెన్సేనండి. మొన్న మా పెద్దసారు నా రిపోర్టుకి ఎర్ర గీతలు పెట్టి, ఫొటో తీసి, నలభై మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో వేశారు. ఆయన తప్పన్నవి ఇవండి: ‘ది టెంపరేచర్ వాజ్ రోజ్.’ ‘ది ఏజెంట్ డిడ్ నాట్ కేమ్.’ ‘వుయ్ హ్యావ్ వాష్డ్ ది బెల్ట్ యెస్టర్‌డే నైట్.’ ‘సూపర్‌వైజర్ టోల్డ్ టు ఐ అండ్ మై ఫ్రెండ్ దట్ దే విల్ కమ్.’ అయిదోది ‘ది లారీ కేమ్ ఎట్ టూ ఏఎమ్’ అని రాస్తే, కేమ్ కొట్టేసి ‘హ్యాడ్ కేమ్’ అని దిద్దారు. వీ1, వీ2, వీ3 అని గో, వెంట్, గాన్ లాగా క్రియకి మూడు రూపాలుండే పట్టిక వంద క్రియలు బట్టీ పట్టానండి. అప్పజెప్పమంటే అప్పజెబుతాను. రాసేటప్పుడు మాత్రం ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదు. మాట్లాడేటప్పుడైతే హీ, షీ కూడా తారుమారవుతున్నాయి. పెన్ను పట్టుకుంటే టెన్షన్. నాకు ఈ ఇంగ్లీషు వస్తుందా అండి?

సమాధానం:

అమ్మా,

నీ అయిదు వాక్యాలనూ విడిగా ఒక కాగితం మీద రాసుకుని రెండు రోజులు చూశాను. నాలుగింటిలో తప్పుంది. అయిదోది, లారీ రెండింటికి వచ్చిందన్నది, నువ్వు రాసిందే ఒప్పు. దిద్దుబాటులోనే తప్పు దొర్లింది. ఈ మాట ముందు చెప్పాలి. లేకపోతే ఎర్ర గీత చూసి నువ్వు ఒప్పుని కూడా తప్పనుకుని, రేపటి నుంచి అన్ని చోట్లా ‘హ్యాడ్ కేమ్’ రాయడం మొదలుపెడతావు.

నేను ఎనిమిదో తరగతి చదివేటప్పుడు మా క్లాసులో ఒక అబ్బాయి ‘ఐ డిడ్ వెంట్’ అన్నాడు. వాణ్ణి బెంచీ ఎక్కించి, పీరియడ్ అయ్యేదాకా ఆ మాటే గట్టిగా పలికించారు. లెక్కల్లో మా అందరికన్నా గట్టివాడు. ఆ రోజు తర్వాత ఇంగ్లీషు పీరియడ్‌లో వాడు నోరు విప్పగా నేను చూడలేదు. టెన్త్‌తో చదువు మానేశాడు. తర్వాత నేను ఇంగ్లీషు మాస్టారినయ్యాను, ముప్పై ఏళ్ళ పైన చెప్పాను. ‘డిడ్ వెంట్’ అన్న పిల్లలు ప్రతి ఏడూ వచ్చారు. ఒక్కరినీ నిలబెట్టలేదు. అది బుర్ర లేక వచ్చే తప్పు కాదమ్మా. తెలుగు బాగా వచ్చినవాళ్ళకే వస్తుంది ఆ తప్పు. ఎలాగంటావా, చెబుతాను.

‘వచ్చాను’ అన్న మాట తీసుకో. ఒక్క మాట. అందులో వచ్చే పని ఉంది. అది అయిపోయిందన్న సంగతి ఉంది. చివర ‘ను’ ఉంది కాబట్టి వచ్చింది నేనేనని కూడా తెలుస్తోంది. ‘నేను’ అని విడిగా అనక్కర్లేదు. ‘వచ్చాడు’ అంటే మగవాడు, ‘వచ్చారు’ అంటే పెద్దాయనో, నలుగురో. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు అన్న మూడింటినీ మన క్రియ ఒక్కతే మోస్తుంది. తోక చూస్తే చాలు, అంతా తెలిసిపోతుంది.

ఇంగ్లీషు క్రియకి ఆ బలం లేదు. ‘కేమ్’ అంటే ఎవరొచ్చారో తెలీదు. నేనా, ఆవిడా, లారీయా? అందుకని ‘ఎవరు’ అన్నదాన్ని ముందు నిలబడే సర్వనామం మోయాలి. ‘ఎప్పుడు’ అన్నదాన్ని క్రియల వరసలో మొట్టమొదటి మాట మోయాలి. నువ్వు క్రియల గొడవ, సర్వనామాల గొడవ అని రెండు రాశావు గానీ, నా లెక్కలో రెండూ ఒకటే గొడవ. మన తోకలో ఉన్న బరువు ఇంగ్లీషులో వాక్యం మొదట్లోకి వెళ్ళిపోయింది. నువ్వింకా తోక దగ్గరే వెతుక్కుంటున్నావు.

ఇప్పుడు ‘డిడ్ నాట్ కేమ్’ దగ్గరకి వద్దాం.

మీ వైపు కాలువల మీద లాకులు చూసే ఉంటావు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఆనకట్టతో వచ్చిన కాలువలు పొలాలకి నీళ్ళిచ్చాయి, పడవలకి దారులూ అయ్యాయి. నా చిన్నప్పుడు మా నాన్నతో లాకుల దగ్గరకి వెళ్ళేవాణ్ణి. ధాన్యం పడవ కింది మట్టం నుంచి లాకులోకి వచ్చేది. లాకుల దగ్గర పనిచేసే లస్కర్లు వెనక తలుపులు మూసేవాళ్ళు. ముందు తలుపులకుండే చిన్న షట్టర్లు ఎత్తితే నీళ్ళు సుడి తిరుగుతూ లోపలికి వచ్చేవి. పడవ మనకి తెలియకుండానే మెల్లగా పైకి లేచేది. గోడ మీది నాచు గీత దాకా నీళ్ళు వచ్చాక ముందు తలుపులు తెరిచేవాళ్ళు. ఒక జత తెరిచారంటే రెండోది మూసి ఉండాల్సిందే. రెండు జతలూ ఒకేసారి తెరిస్తే నీళ్ళన్నీ ఒక్క పెట్టున కిందికి పోతాయి, పడవ దక్కదు.

‘డిడ్’ అన్నావంటే గతకాలపు తలుపు తెరిచావు. ఇక రెండో తలుపు మూసి ఉండాలి. అంటే ‘కమ్’ తన మామూలు రూపంలో ఉండాలి. ‘డిడ్ నాట్ కమ్.’ ‘డిడ్’ లేకపోతే ఆ తలుపు మూసి ఉన్నట్టు, అప్పుడు ‘కేమ్’ తెరుచుకుంటుంది. ప్రశ్నలోనూ ఇంతే. ‘డిడ్ యు చెక్?’ అనాలి, ‘డిడ్ యు చెక్డ్?’ అనకూడదు.

ఇది మనకి కొత్త కూడా కాదు. ఏజెంటు వచ్చాడు. ఏజెంటు రాలేదు. ‘వచ్చాడు లేదు’ అని ఎవరైనా అంటారా? లేదు అన్న మాట రాగానే ‘వచ్చాడు’ కాస్తా ‘రా’ అయిపోయింది. ‘చూశాను’ కాస్తా ‘చూడలేదు’లో ‘చూడ’ అయింది. నువ్వు మాట్లాడటం నేర్చిన నాటి నుంచీ ఈ నియమాన్ని పాటిస్తున్నావు. ‘లేదు’ ఉన్న చోట ‘డిడ్ నాట్’ పెట్టుకో, ‘రా’ ఉన్న చోట ‘కమ్’ పెట్టుకో. చిక్కు వచ్చేది ప్రశ్నలోనే. ‘వచ్చాడా?’ అన్నప్పుడు తెలుగులో గతకాలం అలాగే ఉంటుంది, అందుకే నోటికి ‘డిడ్ హీ కేమ్’ వస్తుంది. అక్కడ లాకు తలుపులు గుర్తు తెచ్చుకో.

ఇక నీ పట్టిక. వంద క్రియలు బట్టీ పట్టినా పని జరగకపోవడానికి కారణం ఉంది. వీ3 అంటే ఏమిటో నీకెవరూ చెప్పలేదు, మూడో గడిలో ఉండేదని మాత్రమే చెప్పారు. రేపు ప్యాకింగ్ హాలులో అట్టపెట్టె మీద ఏం రాసుందో చూడు. ‘ఫ్రోజెన్’ అని ఉంటుంది. ‘ఫ్రోజ్ ష్రింప్’ అని ఏ పెట్టె మీదా ఉండదు. మీరు పొద్దస్తమానం పీడీ, పీడీ అంటారే, అందులో పీ అంటే పీల్డ్, డీ అంటే డీవెయిన్డ్. వలిచిన రొయ్య, నరం తీసిన రొయ్య. ముక్కలైనవాటిని బ్రోకెన్ అంటారు, బ్రోక్ అనరు. అవన్నీ వీ3లే. మన ‘వలిచిన’, ‘తీసిన’, ‘విరిగిన’, ‘గడ్డకట్టిన’ అన్న మాటలు ఎలా ఉన్నాయో వీ3 అలా ఉంటుంది. ‘వలిచిన’ అని ఊరుకుంటే మాట పూర్తి కాదు కదా? దాని పక్కన ఒక ఆసరా కావాలి. రొయ్య అన్న నామవాచకమైనా ఉండాలి, లేదా హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, వాజ్, వర్ లాంటిదొకటి ముందుండాలి. వీ2 అలా కాదు. దానికి ఎవరి ఆసరా అక్కర్లేదు. ‘ఇట్ ఫ్రోజ్.’ గడ్డకట్టింది. అంతే.

కాబట్టి ‘వాజ్’ పక్కన ‘రోజ్’ నిలబడదు. రైజ్, రోజ్, రిజెన్. ‘రోజ్’ వీ2, ఒంటరిగా నడిచేది. అలాగని ‘వాజ్ రిజెన్’ అని దిద్దుకున్నా నీకు పనికిరాదు. ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే రిపోర్టులు రాసేవాళ్ళు ఎక్కువగా జారేది ఈ మెట్టు మీదే.

తెలుగులో పెరగడం వేరు, పెంచడం వేరు. విరగడం వేరు, విరవడం వేరు. తెగడం, తెంచడం కూడా అంతే. ఒకటి దానంతట అది జరిగేది, ఇంకొకటి ఒకరు చేసేది. టెంపరేచర్ దానంతట అది పెరిగింది. ‘ది టెంపరేచర్ రోజ్.’ మీరే కావాలని పెంచితే ‘వుయ్ రెయిజ్డ్ ది టెంపరేచర్.’ ఎవరు పెంచారో చెప్పకుండా ‘పెంచబడింది’ అనదలిస్తే ‘ది టెంపరేచర్ వాజ్ రెయిజ్డ్.’ వాజ్ పెట్టేముందు తెలుగులో ‘బడింది’ అని చెప్పి చూడు. ‘నమోదు చేయబడింది’ కుదురుతుంది, కాబట్టి ‘వాజ్ రికార్డెడ్’. ‘పంపబడింది’ కుదురుతుంది, ‘వాజ్ సెంట్’. ‘పెరగబడింది’ అంటే నీకే నవ్వొస్తుంది, అక్కడ వాజ్ పెట్టకు. ‘లారీ వాజ్ కేమ్’, ‘కరెంట్ వాజ్ వెంట్’, ‘ఐస్ వాజ్ ఫెల్’ అని రాసేవాళ్ళందరికీ ఈ ఒక్క పరీక్ష సరిపోతుంది. మామూలుగా మనం ‘చేయబడింది’ భాష మాట్లాడం, అది ఆఫీసు కాగితాల్లోనే కనిపిస్తుంది. అయినా పరీక్షకి బాగా పనికొస్తుంది.

నీ మూడో వాక్యం, బెల్టు కడిగింది. ‘హ్యావ్ వాష్డ్’ తప్పు కాదు. ‘యెస్టర్‌డే నైట్’ తప్పు కాదు. రెండూ ఒక వాక్యంలో ఉండటమే తప్పు. ఎప్పుడు జరిగిందో చెప్పేశావంటే హ్యావ్‌కి అక్కడ చోటు లేదు. నిన్న, పోయిన సంక్రాంతికి, రెండింటికి, 2018లో, ఇలాంటి మాట ఏదున్నా వీ2 ఒక్కటే. హ్యావ్ అనేది జరిగిపోయిన పనిని ఇప్పటికి ముడివేస్తుంది. ‘అంతర్వేది తీర్థం ఎప్పుడైనా చూశావా?’ అని అడిగితే ఏ సంవత్సరమన్నది నాకక్కర్లేదు, నీ అనుభవంలో ఉందా లేదా అన్నదే కావాలి. అది ‘హ్యావ్ యు ఎవర్ సీన్’. ‘పోయినేడు చూశాను’ అని నువ్వు జవాబిస్తే అప్పుడది ‘ఐ సా ఇట్ లాస్ట్ ఇయర్’.

నీ ఉద్యోగానికి దీన్ని అన్వయించి చెబుతాను. షిఫ్టు రిపోర్టులో ప్రతి పనికీ టైము వేస్తారు. టైము ఉందంటే వీ2. కాబట్టి నీ రిపోర్టులో చాలా వరకు హ్యావ్ అవసరమే పడదు. కేమ్, టుక్, సెంట్, చెక్డ్, ఫౌండ్, వాష్డ్, అలా నడిచిపోవాలి. హ్యావ్ పనికొచ్చేది చివర్లో, వచ్చే షిఫ్టుకి అప్పగించే దగ్గర. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందో చెప్పేది అక్కడే కదా. ‘వుయ్ హ్యావ్ క్లీన్డ్ ది ట్రేస్.’ ‘ది ఎలక్ట్రీషియన్ హ్యాజ్ నాట్ కమ్ యెట్.’ ట్రేలు శుభ్రంగా ఉన్నాయి, ఎలక్ట్రీషియన్ ఇంకా రాలేదు. చదివేవాళ్ళకి ఇప్పుడు కావలసింది అదే. ఇందులో ‘యెట్’ అంటే మన ‘ఇంకా’.

మరి హ్యాడ్? మన ఆఫీసుల్లో హ్యాడ్ పెడితే వాక్యం బరువుగా, మర్యాదగా ఉంటుందన్న అభిప్రాయం ఒకటి పాతుకుపోయింది. ‘ఐ హ్యాడ్ గాన్ టు రాజమండ్రి యెస్టర్‌డే’ అని చదువుకున్నవాళ్ళే రాస్తారు. నిన్న రాజమండ్రి వెళ్ళాను, అంతే కదా, అక్కడ హ్యాడ్‌కి పనేముంది? హ్యాడ్ రావాలంటే జరిగిపోయిన పనులు రెండుండాలి, అందులో ఒకటి ముందే అయిపోయి ఉండాలి. దీనికీ మన దగ్గర కొలత ఉంది. ‘సరికి’ అన్న మాట. నరసాపురం రేవుకి నేను వెళ్ళేసరికి నది దాటించే పంటు వెళ్ళిపోయింది. ‘వెన్ ఐ రీచ్డ్ ది ఫెర్రీ పాయింట్, ది పంట్ హ్యాడ్ లెఫ్ట్.’ నేను ఒడ్డున నిలబడ్డాను, పంటు సఖినేటిపల్లి వైపు నది మధ్యలో ఉంది. ముందే అయిపోయింది పంటు బయల్దేరడం, అందుకే హ్యాడ్ దానికి. అదే ‘వెన్ ఐ రీచ్డ్, ది పంట్ లెఫ్ట్’ అన్నావనుకో, నేను వెళ్ళాక, నా కళ్ళ ముందే బయల్దేరిందని అర్థం. అప్పుడు నాకు ఎక్కే వీలుండేది! మీ ప్లాంటులో అయితే, లారీ వచ్చేసరికి ఐస్ కరిగిపోయింది. ‘వెన్ ది లారీ కేమ్, ది ఐస్ హ్యాడ్ మెల్టెడ్.’ ఇది రిపోర్టులో చాలా ముఖ్యమైన హ్యాడ్. ఐస్ దారిలో కరిగిందా, మీ దగ్గరకి వచ్చాక కరిగిందా అన్నది ఆ ఒక్క మాట తేలుస్తుంది. సరుకు పాడైతే బాధ్యత ఎవరిదన్న మాట వచ్చిన రోజున ఆ కాగితమే సాక్ష్యం.

నీ లారీ వాక్యంలో రెండో పని లేదు, టైము వేసి ఉంది. ‘కేమ్’ చాలు. ఒకవేళ హ్యాడ్ కావలసి వచ్చినా దాని పక్కన వీ3 ఉండాలి, కమ్, కేమ్, కమ్ అన్న వరసలో అది మళ్ళీ ‘కమ్’ అవుతుంది. ‘హ్యాడ్ కేమ్’ ఎలా చూసినా నిలబడదు. 

సర్వనామాలకి వస్తాను. నువ్వు హీ, షీ తారుమారవుతున్నాయని సిగ్గుపడుతూ రాశావు. సిగ్గెందుకు? ‘తను’ అంటాం మనం, అందులో ఆడా మగా లేదు. ఆమె వచ్చింది, లారీ వచ్చింది, పిల్లి వచ్చింది, అన్నిటికీ ఒకటే ‘ఇంది’. మాట్లాడేటప్పుడు సర్వనామం వదిలేసి ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అంటాం. ఆడో మగో వాక్యం చివర తేలుతుంది. ఇంగ్లీషులో అది మొదటి మాటలోనే తేల్చేయాలి. నోరు తెరిచేసరికే నిర్ణయం అయిపోయి ఉండాలి. మన బుర్రకి ఆ అలవాటు లేదు, అందుకని చేతికందిన హీ వాడేస్తుంది. దీనికి నేను పిల్లల చేత చేయించిన పని ఒకటే. మనిషి పేరుతో మొదలుపెట్టించేవాణ్ణి. మొదటి వాక్యంలో పేరు, రెండో వాక్యంలో హీ లేదా షీ. పేరు పలికేటప్పుడు ఆ మనిషి ముఖం కళ్ళ ముందుకొస్తుంది, తర్వాతి సర్వనామం తప్పదు. ఒక నెల ఓపిక పట్టు. ఒకవేళ తప్పు పలికితే ‘సారీ, షీ’ అని దిద్దుకుని ముందుకెళ్ళిపో. వెనక్కి తిరిగి వాక్యమంతా మళ్ళీ చెప్పకు.

‘టోల్డ్ టు ఐ అండ్ మై ఫ్రెండ్.’ ఇందులో మూడు విషయాలున్నాయి. పక్కనున్న ఫ్రెండుని కాసేపు పక్కకి తప్పించు. ‘టోల్డ్ ఐ’ అని నువ్వే అనవు, ‘టోల్డ్ మి’ అంటావు. ఫ్రెండు తిరిగొచ్చినా మి అలాగే ఉండాలి. నన్ను, నాకు అన్నవి రెండూ ఇంగ్లీషులో మి. పని చేసేది నేనైతే ఐ. ‘నేనూ నా ఫ్రెండూ చెక్ చేశాం’ అంటే ‘మై ఫ్రెండ్ అండ్ ఐ చెక్డ్’. తనని ముందు, మనల్ని చివర పెట్టుకోవడం వాళ్ళ మర్యాద. చిన్నప్పుడు ‘మి అండ్ మై ఫ్రెండ్ వెంట్’ అన్నందుకు ఎవరో కేకలేసి ఉంటారు, అప్పటి నుంచి మి అన్నదే అసభ్యం అనుకుని అన్ని చోట్లా ఐ పెట్టేస్తున్నావు. ఇది నీ ఒక్కదానికే కాదు, ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళకీ ఉంది. వాళ్ళూ ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అంటారు, అక్కడా మి ఉండాలి. ఒక్క జాగ్రత్త. నాకు తెలుసు, నాకు కావాలి, నాకు అర్థమైంది, ఇవి తెలుగులో ‘నాకు’ అయినా ఇంగ్లీషులో ఐ. తెలుసుకునే మనిషిని, కోరుకునే మనిషిని వాళ్ళు కర్త స్థానంలో కూర్చోబెడతారు. 

‘టోల్డ్’ పక్కన ‘టు’ అక్కర్లేదు. ‘టోల్డ్ మి’, ‘సెడ్ టు మి’. మనకి రెండూ ‘నాకు చెప్పారు’ కావడంతో వచ్చిన చిక్కు ఇది.

ఇక ‘దే విల్ కమ్’. సూపర్‌వైజర్ ఒక్కరే. ‘వస్తామన్నారు’ అనలేదు కదా ఆయన, ‘వస్తానన్నారు’. నువ్వు గౌరవంగా ‘ఆరు’ చేర్చావు, ఇంగ్లీషులో అది దే అయిపోయింది. ఇంగ్లీషు సర్వనామానికి గౌరవం తగిలించే వీలు లేదమ్మా. తాతగారైనా కలెక్టరుగారైనా హీ. ఇందులో అమర్యాద ఏమీ లేదు, మన ‘వాడు’తో పోల్చుకోకు. మర్యాదంతా సర్, మేడమ్ అన్న పిలుపులోనూ, ప్లీజ్ అన్న మాటలోనూ ఉంటుంది. మన ‘అండి’, మన ‘ఆయ్’ చేసే పని అవి చేస్తాయి. అయితే ‘ఎవరో గ్లవ్స్ వదిలేసి వెళ్ళారు’ అన్నప్పుడు, ఆడో మగో తెలియనప్పుడు, ‘సమ్‌వన్ లెఫ్ట్ దెయిర్ గ్లవ్స్’ అనొచ్చు. వందల ఏళ్ళుగా ఉన్న వాడుకే అది. చూడు, మనం కూడా ‘ఎవరో వచ్చారు’ అనే అంటాం, ఒక్కరే వచ్చినా.

గౌరవం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. యు ఒక్కరికే అయినా ‘యు వర్’ అంటారు, ‘యు వాజ్’ అనరు. కారణం వింటే నీకు మన ఇల్లే గుర్తొస్తుంది. పాత ఇంగ్లీషులో నువ్వుకి దౌ అనేవాళ్ళు, పలువురికి యు. పెద్దవాళ్ళ మీద గౌరవంతో ఒక్కరిని కూడా యు అనడం మొదలైంది, అచ్చం మన మీరులాగా. పదిహేడో శతాబ్దం నాటికి దౌ మామూలు వాడుక నుంచి జారిపోయి, అందరూ మీరే అయిపోయారు. ఒక్కరే అయినా ‘మీరు వచ్చావు’ అనలేం కదా, ‘మీరు వచ్చారు’ అనే అనాలి. అలాగే ‘యు వర్’.

‘విల్’ సంగతి త్వరగా చెప్పేస్తాను. టోల్డ్ గతంలో ఉంది కాబట్టి ఆయన మాట కూడా ఒక మెట్టు వెనక్కి దిగుతుంది, విల్ వుడ్ అవుతుంది. తెలుగులో ‘వస్తానని’ అన్న మాట కదలకుండా ఉంటుంది, అందుకే నీకు విల్ వచ్చింది. 

క్రియల పట్టిక మాత్రం అకారాది క్రమంలో చదవడం మానెయ్. చెవికి ఒకేలా వినిపించేవాటిని ఒక గంపలో వెయ్యి. బిగిన్, బిగాన్, బిగన్ పక్కన డ్రింక్, డ్రాంక్, డ్రంక్. నో, న్యూ, నోన్ పక్కన త్రో, త్రూ, త్రోన్. సెండ్, సెంట్ పక్కన స్పెండ్, స్పెంట్. కట్, పుట్ లాంటివి మూడు గడుల్లోనూ మారవు. గో, వెంట్ మాత్రం ఏ గంపలోనూ పడదు. వెంట్ నిజానికి వెండ్ అనే ఇంకో క్రియకి గతకాలం, గో దాన్ని తెచ్చుకుని తనది చేసుకుంది. వింతగా ఉందా? ‘రా’కి గతకాలం ‘వచ్చాడు’. రెండింట్లో ఒక్క అక్షరం కలవదు. మనం ఏనాడైనా ఇబ్బంది పడ్డామా? వంద కూడా వద్దు. నీ ప్లాంటులో రోజూ జరిగే పనులు లెక్కపెట్టు, ముప్పై దాటవు. ఆ ముప్పై క్రియలూ నీ సొంతం చేసుకో.

పలకడం గురించి కూడా ఒక ముక్క. వాషెడ్, ప్యాకెడ్ అనకు. వాష్ట్, ప్యాక్ట్. పీల్ పక్కన ఉత్త డ్ చాలు, పీల్డ్. ట, డ శబ్దాలతో ముగిసే క్రియలకే ‘ఇడ్’ వినిపిస్తుంది, లోడిడ్, గ్రేడిడ్, వెయిటిడ్ అన్నట్టు.

మీ పెద్దసారు విషయం. ‘హ్యాడ్ కేమ్’ తప్పని గ్రూపులో పెట్టకు. ఆయన నిన్ను నలుగురిలో పెట్టారని నువ్వూ అదే చేస్తే, రేపు ఇద్దరూ తల దించుకునే ఒకే చోట పని చేయాలి. టీ టైములో ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళు. ‘సార్, నా రిపోర్టులో తప్పులుంటే నాకే పంపండి, దిద్దుకుంటాను. గ్రూపులో పెడితే రాయడానికి భయమేస్తోంది’ అని నిదానంగా చెప్పు. ఆ మాట అడిగే హక్కు నీకుంది. లారీ వాక్యం గురించి ఆయన అడిగితే అప్పుడు చెప్పు.

ఆ రోజు రిపోర్టు ఇలా ఉండాల్సింది:

‘ది లారీ కేమ్ ఎట్ టూ ఏఎమ్. సమ్ ఆఫ్ ది ఐస్ హ్యాడ్ మెల్టెడ్ ఆన్ ది వే. ది టెంపరేచర్ రోజ్. వుయ్ యాడెడ్ ఐస్ అండ్ చెక్డ్ ఎగైన్. ది ఏజెంట్ డిడ్ నాట్ కమ్. వుయ్ వాష్డ్ ది బెల్ట్ ఎట్ ఫోర్. ది సూపర్‌వైజర్ టోల్డ్ మై ఫ్రెండ్ అండ్ మి దట్ హీ వుడ్ కమ్ ఎట్ సిక్స్. ది ఎలక్ట్రీషియన్ హ్యాజ్ నాట్ కమ్ యెట్.’

ఐస్ గురించిన వాక్యం, ఐస్ వేయడం, నాలుగు, ఆరు అన్న టైములు, ఎలక్ట్రీషియన్ నేను కలిపినవి. మిగతావి నీవే. ఇందులో ఎక్కడెక్కడ వీ2 ఒంటరిగా ఉందో, ఎక్కడ వీ3 ఆసరాతో ఉందో నువ్వే కింద గీతలు పెట్టుకో, ఈసారి పెన్ను నీలం రంగుది తీసుకో. తర్వాత వారం రోజుల రిపోర్టులు నాకు పంపు. పార్టీల పేర్లు, లాట్ నంబర్లు కొట్టేసి పంపమ్మా, అవి ప్లాంటు బయటికి రాకూడదు.